వెనక బెంచీకి నోరు లేదు

మెట్ల మలుపులో నోటీసు బోర్డు ఉండడం ఎంత మేలో ఈ మూడు రోజుల్లోనే ఆమెకు తెలిసివచ్చింది. మెట్లెక్కుతూ మధ్యలో నిలబడిపోయిన మనిషిని చూస్తే ప్రతివాళ్ళూ ఏమైందని అడుగుతారు. నోటీసు చదువుతూ నిలబడ్డ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. నిరుటి లైబ్రరీ వేళల కాగితాన్ని ఆమె మొదటినుంచి చివరిదాకా మరోసారి చదివింది. ఎడమ దవడ కింద పుట్టిన నొప్పి భుజం మీదుగా జారి, మోచేతి దగ్గర కాసేపు కూర్చుని, మెల్లగా వెళ్ళిపోయింది.

సంచీ బరువు, అనుకుంది. సంచీని కుడి భుజానికి మార్చుకుని మిగిలిన మెట్లు ఎక్కింది.

బరువు లేకపోలేదు. అందులో పదకొండు మంది లెసన్ ప్లాన్లు, రంగు సుద్దల డబ్బా, అంచులు నలిగిన బొమ్మల అట్టలు, అన్నం డబ్బా, నల్లతాడు కట్టిన స్టాప్‌వాచీ ఉన్నాయి. స్టాప్‌వాచీ కాలేజీ ఆటల గదిలోది. పరుగుపందేలు మానేశాక అక్కడ అక్కర్లేకపోతే ఆమె సంతకం పెట్టి తెచ్చుకుంది. అది పరుగులు కొలవడం మానేసి మౌనం కొలవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఇంగ్లీషు ఎలా బోధించాలో నేర్పడం ఆమె ఉద్యోగం. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది. ఎప్పుడూ లేత రంగు బట్టలే కడుతుంది, సుద్దపొడి పడితే కనబడకూడదని. పిల్లల కొలతకు చేసిన బెంచీల్లో వంగి కూర్చుని కూర్చుని నడుస్తున్నప్పుడు కూడా భుజాలు ముందుకే ఉంటాయి. కాలేజీ ఆవరణలోనే ఉన్న బడిలో ఆమె విద్యార్థులు పాఠాలు చెబుతారు. ఆమె వెనక బెంచీలో కూర్చుని పరిశీలన పత్రం నింపుతుంది. ఇరవై ఏడేళ్ళలో ఎన్ని వేల పత్రాలు నింపిందో లెక్క లేదు. గుమాస్తా మాత్రం అన్నిటికీ దారాలు కట్టి బీరువాల్లో పెట్టాడు.

తను నేర్పే ఇంగ్లీషుతో పాఠాల బయట ఆమెకు పడ్డ అవసరం ఒక్కటే. ఇరవై రెండేళ్ళ కింద రైల్లో ఎదురుసీటు విదేశీయుడు ఏ స్టేషనని ఇంగ్లీషులో అడిగాడు. అడిగింది ఆమెనే. ఆమె గొంతు సవరించుకుని, వాక్యం సరిచూసుకుని, నోరు తెరిచేలోగా పక్కనున్న బట్టల వ్యాపారి వేలు చూపించి ఒక్క ముక్కలో చెప్పేశాడు. విదేశీయుడు వ్యాపారికి థాంక్స్ చెప్పి దిగిపోయాడు. ఆ వాక్యం ఆమె దగ్గరే ఉండిపోయింది. హోటల్లో గది అడగడం ఎలా, దారి తప్పితే పోలీసుకు చెప్పడం ఎలా అని సంభాషణలు రాయించేది గాని, ఆమె ఎన్నడూ హోటల్లో దిగలేదు. దారి తప్పేంత దూరమూ వెళ్ళలేదు.

ఆ రైలు ప్రయాణం తర్వాతే పరిశీలన పత్రాన్ని మార్చింది. పత్రంలో నాలుగు గళ్ళు. టీచరు అడిగిన ప్రశ్న. ప్రశ్న తర్వాత ఆగిన సమయం. పిల్లల జవాబు. జవాబును టీచరు అందుకున్న తీరు.

"ఐదు సెకన్లు ఆగండి," అని ప్రతి ఏడాదీ మొదటి రోజున చెప్పేది. "ప్రశ్న చెవిలో పడడానికి ఒక సెకను. అర్థం కావడానికి ఒకటి. సొంత భాషలో జవాబు దొరకడానికి ఒకటి. దాన్ని ఈ పరాయి భాషలోకి మార్చుకోవడానికి ఒకటి. తప్పయితే నవ్వుతారేమోనన్న భయాన్ని మింగడానికి ఇంకొకటి. ఆ ఐదూ పిల్లలవి. మీరు లాక్కోకండి. జవాబొచ్చాక మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చెయ్యొద్దు. తప్పో ఒప్పో, ఎవరి జవాబునీ నేలమీద పడనివ్వకండి."

అందుకే విద్యార్థులు ఆమెకు 'ఆగండి మేడం' అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. ఆమె పెట్టిన రెండో నియమానికి కూడా వాళ్ళే పేరు పెట్టారు: వెనక బెంచీకి నోరు లేదు. ముందు నిలబడ్డవాళ్ళు తడబడినా, తప్పు చెప్పినా, ఏడ్చినా సరే, వెనక కూర్చున్నవాళ్ళు మాట అందించకూడదు, నవ్వకూడదు, లేవకూడదు. "పైకప్పు కూలితే, మేడం?" అని ఒకసారి ఒక కొంటె కుర్రాడు అడిగాడు. "ఎన్ని సెకన్లలో కూలిందో రాయి," అంది ఆమె. ఆ మాటా తరగతి తర్వాత తరగతికి చేరుతూ వచ్చింది.

*

మొదటి పీరియడ్ గలగలది.

గలగల అసలు పేరు హాజరుపట్టీలోనే ఉంది, ఎవరికీ నోటికి రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. బస్‌స్టేషన్లో తొమ్మిదేళ్ళు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పింది. తర్వాత ఆ పనికి రికార్డు చేసిన గొంతు వచ్చింది. "నా గొంతే రికార్డు చేసి నన్ను పంపించేశారండీ," అని చేరిన రోజున నవ్వుతూ చెప్పింది. "ఇప్పటికీ ఆ స్టేషన్‌కి వెళ్తే నేనే అరుస్తుంటాను." నిరుడు చివరి పరీక్ష పాఠంలో తప్పింది. రేపు మళ్ళీ పరీక్ష. బయటి నుంచి పరీక్షకుడు వస్తాడు. రెండోసారీ తప్పితే కాలేజీ పేరు కొట్టేస్తుంది, మూడో అవకాశం లేదు. ఇంట్లో అత్తగారు అప్పుడే అంటోందట, రేపటితో నీ చదువు మోజు తీరుతుందని.

ఏడో తరగతి పిల్లలు నలభై మంది. గలగల గొడుగు బొమ్మ ఎత్తి చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగింది. రెండో వరుసలో ఒక చెయ్యి లేవబోయింది.

"అంబ్రెల్లా!" అంది గలగలే. "వెరీ గుడ్!"

వెనక బెంచీలో ఆమె స్టాప్‌వాచీ నొక్కి చూసింది. సెకనున్నర. రాసుకుంది. గలగల గడియారం బొమ్మ తీసింది, తలుపు బొమ్మ తీసింది, తాళం బొమ్మ తీసింది. ప్రశ్నా తనే, జవాబూ తనే, మెప్పూ తనే. పీరియడ్ అయ్యేసరికి పద్నాలుగు ప్రశ్నలు. పిల్లల జవాబుల గడిలో పద్నాలుగు అడ్డగీతలు. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల, ఏడాది మొదటినుంచి ఇంగ్లీషు పీరియడ్‌లో ఒక్క మాట మాట్లాడని పిల్ల, పాఠం నడుస్తున్నంతసేపూ గోరుతో బెంచీ మీది రంగు గీరుతూ కూర్చుంది. ఆమె ఆ పిల్లను చూసింది. తర్వాత గలగలను చూసింది. రేపూ ఇలాగే చెబితే ఈమె తప్పుతుంది. అందులో సందేహం లేదు.

*

మధ్యాహ్నం గలగల సిబ్బంది గది గుమ్మంలో నిలబడింది. ఆమె తెరవని అన్నం డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ ఆకలి లేదు.

"తెలుస్తోందండీ, మళ్ళీ అలాగే చేశాను. మీరేమీ అనకుండా చూస్తుంటే ఇంకా భయమేస్తోంది."

"కూర్చోమ్మా. ఎందుకు ఆగలేకపోతున్నావో చెప్పు."

గలగల కూర్చుంది. "ఆగితే గుండె దడదడలాడుతుంది మేడం. మైకులో ఒక్క క్షణం ఆగితే మైకు పాడైందనుకుని జనం గగ్గోలు పెట్టేవాళ్ళు. పైఆఫీసరు పరిగెత్తుకొచ్చేవాడు. తొమ్మిదేళ్ళు. నిశ్శబ్దంగా ఉంటే ఏదో ప్రమాదం జరిగినట్టే ఉంటుంది నాకు."

"ఏ ప్రమాదమూ జరగదు. నోరు మూసుకుని ఐదు అంకెలు లెక్కపెట్టు, అంతే."

"లెక్కపెడతానండీ. రెండు దగ్గరే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇంట్లోనూ ఇదే గోల. మా ఆయన అంటారు, నిన్ను ఒక ప్రశ్న అడిగితే నా జవాబు కూడా నువ్వే చెప్పేస్తావని."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే దవడ కింద మళ్ళీ పట్టేసింది. చెయ్యి అక్కడికి తీసుకెళ్ళి, జుట్టు సర్దుకున్నట్టు చేసింది.

"చివరి పీరియడ్ నేను చెబుతాను, అదే తరగతికి," అంది. "నువ్వు వెనక కూర్చుని గడియారం పట్టుకో. నేను ఆగడం చూడు. చూడ్డం కాదు, నాతో పాటు ఆగు. ఎంతసేపైనా సరే, ఏం జరిగినా సరే, నీ నోరు కదలకూడదు. ఒక్కసారి నిశ్శబ్దాన్ని దాటావంటే రేపు అది నిన్నేమీ చెయ్యదు."

"మీరు ఇవాళ తొందరగా వెళ్తానన్నారు కదండీ?"

"రేపు వెళ్తాలే."

గలగల వెళ్ళాక ఇంటికి ఫోను చేసింది. ఇంట్లో ఉన్నది వదిన ఒక్కతే. అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. అన్నయ్య బతికుండగా వదినా ఆడపడుచులకు క్షణం పడేది కాదు. ఆయన పోయాక పోట్లాడుకోవడానికి ఇంకెవరూ లేక ఇద్దరూ ఒకరికొకరు మిగిలిపోయారు.

"నాలుగింటికి డాక్టరు," అంది వదిన, హలో కూడా అనకుండా. "చెప్పులేసుకుని కూర్చున్నాను."

"చెప్పులు విప్పెయ్ వదినా. రేపు వెళ్దాం."

"నిన్నా రేపే అన్నావు. ఎన్ని రేపులున్నాయమ్మా నీ దగ్గర?"

"ఒక పిల్ల పరీక్ష. దాని బతుకు దీనిమీద ఉంది."

"నీది దేనిమీద ఉందో? మీ అన్నా ఇంతే. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం నామోషీ. లోకంలో అందరినీ ఆగండి, ఆగండి అంటావు కదా, ఆ నొప్పిని కూడా ఆగమని చెప్పు."

"చెప్పాను. బుద్ధిగా వింటోంది."

"వింటుంది, వింటుంది. నీ దగ్గర చదువుకుందేమో." వదిన ఫోను పెట్టేయలేదు. "అన్నం తిన్నావా?"

"తిన్నాను," అంది ఆమె, మూత తీయని డబ్బా వైపు చూస్తూ.

*

చివరి పీరియడ్‌కు ఎండ పడమటి కిటికీలోంచి సగం తరగతిలోకి వచ్చింది. వెనక రెండు బెంచీల్లో పదకొండు మంది విద్యార్థులు పరిశీలన పత్రాలతో ఇరుక్కుని కూర్చున్నారు. గలగల మధ్యలో ఉంది. నల్లతాడు మెడలో వేసుకుని, స్టాప్‌వాచీని పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుంది.

ఆమె పాఠం చెబుతుంటే మిగతావాళ్ళకు ఎప్పుడూ ఒకటే అనిపించేది, ఈవిడ ఏమీ చెయ్యడం లేదే అని. గొంతు పెంచదు. బోర్డు మీద నాలుగే మాటలు రాస్తుంది. బొమ్మల అట్టలు పిల్లల చేతుల్లోనే పెడుతుంది. ప్రశ్న ఒక్కసారే అడుగుతుంది. అడిగి, సుద్ద చేతిలో ఉంచుకునే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బల్ల మీద మోచెయ్యి ఆనించి, గడ్డం అరచేతిలో పెట్టుకుని బయటికి చూస్తుంది. "కళ్ళలోకి చూస్తూ ఆగితే అది ఆగడం కాదు, బెదిరించడం," అనేది.

మొదట తేలిక ప్రశ్నలు. తలుపు, గడియారం, గొడుగు. నాలుగో సెకనులో ఒకడు చెప్పాడు, ఐదో సెకనులో ఇంకొకతె. ప్రతి జవాబుకూ ఆమె తల తిప్పి, జవాబిచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసి, ఆ మాటనే మెల్లగా మళ్ళీ అని బోర్డు మీద రాసింది. గలగల గబగబా గళ్ళు నింపుతోంది.

అప్పుడు అసలు ప్రశ్న అడిగింది. మీ ఇంట్లో అన్నిటికన్నా పాత వస్తువేది? ఇంగ్లీషులో, చిన్న మాటలతో, ఒక్కసారి.

నొప్పి ఈసారి భుజం దగ్గర ఆగలేదు. ఎవరో లోపలినుంచి బట్ట పిండుతున్నట్టుంది. ఇంకా పది నిమిషాలే కదా అనుకుంది. కుర్చీ దాకా నాలుగడుగులు. నడిచింది, కూర్చుంది, మోచెయ్యి బల్ల మీద పెట్టుకుంది, అరచేతికి గడ్డం ఆనించింది. వెనక తరగతి గది నిశ్శబ్దమైంది. అది ఖాళీ నిశ్శబ్దం కాదు. నలభై మంది పిల్లలు తమ ఇళ్ళలోకి వెళ్ళి, మంచాల కిందా అటకల మీదా వెతుకుతున్న నిశ్శబ్దం. ఇరవై ఏళ్ళుగా ఆమెకు ఇష్టమైన చప్పుడు అదే.

ఒకటి. కిటికీ బయట గోడ మీద ఎవరిదో ఆరేసిన గుడ్డ కదిలింది. రెండు. వదిన చెప్పులు విప్పే ఉంటుంది. మూడు. కిటికీ పక్క పిల్ల ఇవాళ గోరుతో రంగు గీరడం లేదు. నాలుగు.

ఐదు అనుకుందో లేదో.

*

వెనక బెంచీలో గలగల బొటనవేలు గడియారం మీద ఉంది. ఐదు దాటింది. రాసింది. పది దాటింది. కొట్టేసి పది అని రాసింది. పక్కనున్న కుర్రాడు కళ్ళు పెద్దవి చేసి ఆమె మోచేతిని పొడిచాడు, చూశావా అన్నట్టు. ఇరవై. ఇంతసేపు ఎవరైనా ఆగగలరని ఎవరూ అనుకోలేదు. ముందు బెంచీల్లో పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడం కదల్లేదు. ఎండ ఆమె చెంప మీద పడింది. మామూలుగా అయితే ఎండకు కళ్ళు చికిలించేది.

గలగలకు గుండె దడదడలాడింది. నోరు దానంతటదే తెరుచుకుంది. ఏదో జరిగిందనిపించింది. కాని నిశ్శబ్దంలో తనకెప్పుడూ అలాగే అనిపిస్తుంది. అదే తన జబ్బు, దాన్ని మాన్పడానికే ఈవిడ తొందరగా వెళ్ళాల్సిన పని కూడా మానుకుని ఉండిపోయింది. ఎంతసేపైనా సరే, ఏం జరిగినా సరే. గలగల ఎడమ అరచేతిని నోటి మీద గట్టిగా అదిమిపెట్టుకుంది. నలభై. ముల్లు తిరుగుతూనే ఉంది. కన్నీళ్ళు వస్తున్నా ఆగింది. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఆమె ఆగగలిగింది. నలభై పక్కన, మేడం పెట్టినట్టే, చిన్న టిక్కు పెట్టింది.

నిమిషం కావస్తుండగా కిటికీ పక్క పిల్ల లేచి నిలబడింది.

"లాక్," అంది. గొంతు కీచుగా వచ్చింది. మళ్ళీ అంది. "ఓల్డ్ లాక్. నో కీ."

ఎవరూ నవ్వలేదు. అందరూ కుర్చీ వైపు చూశారు, ఆ తల ఇటు తిరుగుతుందని. తిరగలేదు. పిల్ల నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. మేడం చేతిలోని సుద్దముక్క జారి, బల్ల అంచు దాకా దొర్లి, కింద పడి రెండు ముక్కలైంది.

మేడం ఏ పిల్ల జవాబునూ నేలమీద పడనివ్వదు. అప్పుడు తెలిసింది గలగలకు. వెనక బెంచీలోంచి మొదటిసారి ఒక గొంతు వచ్చింది, బస్‌స్టేషన్ అంతా వినబడే గొంతు.

"మేడం!"

*

ఆ ఒక్క నిమిషం వల్ల ఏమీ మారేది కాదని డాక్టరు చెప్పాడు. వదిన నమ్మింది. గలగల నమ్మలేదు.

పరీక్షను వారం వాయిదా వేశారు. ఆ రోజు గలగల ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఊపిరి కూడా తీసుకోకుండా పాఠం చెప్పింది. పద్దెనిమిది ప్రశ్నలు, పద్దెనిమిది జవాబులు, అన్నీ తనవే. పరీక్షకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫలితం కోసం ఆమె కాలేజీకి రాలేదు. హాజరుపట్టీలో ఆమె పేరు మీద గీత పడింది.

పదిహేను రోజులకు వదిన వచ్చింది. గుమాస్తా ఆమె ముందు ఒక్కొక్కటే పెట్టాడు. సంచీ, బొమ్మల అట్టలు, సుద్దల డబ్బా, కళ్ళజోడు. స్టాప్‌వాచీ కాలేజీది కనక ఇవ్వడానికి లేదన్నాడు. వదిన అన్నం డబ్బా చేతిలోకి తీసుకుంది. ఎవరో కడిగి బోర్లించి ఉంచారు.

"ఇందులో అన్నం ఉందా ఆ వేళ?"

గుమాస్తా తల దించుకున్నాడు. "నిండా ఉందమ్మా."

"తిన్నానని చెప్పింది," అంది వదిన. డబ్బాను సంచీలో పెట్టుకుని, సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని, మెట్ల మలుపులో నోటీసు బోర్డు దగ్గర కాసేపు ఆగి, దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గుమాస్తా ఆ ఏటి పరిశీలన పత్రాలకు దారం కట్టాడు. అన్నిటికన్నా పైన ఉన్నది గలగల రాసింది. ఆగిన సమయం గడిలో ఐదు, కొట్టివేత, పది, కొట్టివేత, ఇరవై, కొట్టివేత, నలభై, దాని పక్కన చిన్న టిక్కు. పిల్లల జవాబు గడిలో, తర్వాతెప్పుడో వేరే కలంతో రాసినట్టు, పాత తాళం, చెవి లేదు అని ఉంది. జవాబును టీచరు అందుకున్న తీరు అనే గడి ఖాళీగా ఉంది.